గాలి కేసు

“...ఆ కేసు వల్లే ఇదంతా. మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. ఇక దాంతో నావల్ల కాదు. మార్చి తీరాల్సిందే.”

“పాతదాంట్లో లోపం ఏమిటో తేలకుండా కొత్త కేసు అంటే ఎలా?”

“తేలడానికేముంది? దాంట్లో గాలి లేదు. నాకు గాలి బాగా ఉన్న కేసు కావాలి.”

మెట్ల రెండో మలుపు దగ్గర గుమాస్తా గారు ఆగిపోయారు. మేడ మీద ఆరేసిన బట్టలు భుజాన వేసుకుని దిగుతున్నారాయన. నలభై ఏళ్ళు వకీలు దగ్గర పనిచేసి మానుకున్న మనిషి. మిగతా మాటలు రెండుసార్లు చెబితే గాని వినిపించని ఆ చెవులకు కేసు అన్న మాట మాత్రం గోడ అవతల నుంచి కూడా వినిపిస్తుంది. కింద బేకరీ పక్క వాటాలో ఉంటూ ఇన్నేళ్ళలో పై వాటా మొగుడూ పెళ్ళాలు ఒకరి మీద ఒకరు గొంతు పెంచడం ఆయన వినలేదు. ఆరీ ఆరని తువ్వాళ్ళతోనే తలుపు తట్టారు.

తలుపు తీసింది ఇల్లాలి తమ్ముడు.

“ఏమీ అనుకోకండి,” అన్నారు గుమాస్తా గారు, అతన్ని దాటి లోపలికి చూస్తూ. “దిగుతుంటే మాట చెవిన పడింది. కేసు ఎవరి మీదమ్మా?”

“బల్ల మీదేనండీ,” అంది ఇల్లాలు. “కింద పెడితే దుమ్ము పడుతోందని.”

“బల్ల మీదకి వచ్చేసిందా!” ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “ఇంత దాకా ఒక్క మాట చెప్పలేదేం? నడుస్తోందా మరి?”

“పొద్దున్నంతా బాగానే నడుస్తుంది. రెండు దాటగానే ఆగిపోతుంది.”

“ఆ వేళకి ఎక్కడైనా ఆగుతుందిలే, భోజనాలకి లేస్తారు. నా బెంగ అది కాదు. గాలి బాగా ఉన్న కేసు కావాలంటున్నావు చూడు, అదీ! గాలి కేసులు నేను వందల్లో చూశాను తల్లీ. ఒక్కటంటే ఒక్కటి నిలబడలేదు.”

తమ్ముడు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. ఇల్లాలికి కూడా అప్పుడే అర్థమైంది. లేచి, గుమాస్తా గారిని వెనక గదిలోకి తీసుకెళ్ళి, బల్ల మీద తెర పక్కన నిలబడ్డ నల్లటి రేకు డబ్బా చూపించింది. ఆయన దాన్ని ముందు నుంచి చూశారు, పక్క నుంచి చూశారు, వేలి మెటికతో తట్టారు.

“ఇదా కేసు?”

“ఇదేనండీ. కంప్యూటర్ యంత్రమంతా దీని లోపలే ఉంటుంది. పై డబ్బాని కేసు అంటారు.”

“ఆ పేరు పెట్టినవాడి మీద వెయ్యాలి కేసు,” అన్నారు గుమాస్తా గారు. అయినా వెళ్ళిపోలేదు. పని మానేశాక ఆయన చేతికి దొరికిన మొదటి కేసు అది. ముందు గదిలోకి తిరిగి వచ్చి అదే కుర్చీలో కూర్చుని, “సరే, మొదటి నుంచి చెప్పండి,” అన్నారు.

మొదటి నుంచి చెప్పాలంటే పక్షుల పుస్తకం దగ్గర మొదలుపెట్టాలి.

ఇల్లాలు ఇంట్లో కూర్చుని ప్రెస్సులకు పేజీలు కట్టి ఇస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కరపత్రాలు, రసీదు పుస్తకాలు, మందు సీసాల మీద అంటించే చీటీలు, నూరు దాటి పుస్తకాలు. ఒక్కదాంట్లోనూ ఆమె పేరు లేదు. ఉండాలని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఈ పక్షుల పుస్తకం నాలుగు వందల ఇరవై పేజీలు, పేజీకి రెండు మూడు పెద్ద బొమ్మలు. పని చూసి ముచ్చటపడ్డ ప్రెస్సాయన తనంతట తానే, లోపలి మొదటి పేజీ వెనక ‘పేజీల అమరిక’ అని ఆమె పేరు వేస్తానన్నాడు. ఆ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రోజుకోసారి ఆ పేజీ తెరిచి చూసుకుని మూసేసేది. ఒకరోజు మాత్రం అక్షరం మరీ చిన్నదిగా ఉందనిపించి, అర పాయింటు పెంచింది.

మూడు నెలల నుంచి కంప్యూటర్ పేచీ పెడుతోంది. మధ్యాహ్నం రెండు దాటేసరికి లోపలి ఫ్యాన్లు రొద మొదలుపెడతాయి, ఇంకాసేపటికి తెర నల్లబడిపోతుంది. వేడి ఎక్కువైతే యంత్రం తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుందట. ఆమె కట్టిన పేజీని కాపాడాలని మాత్రం దానికి తోచదు. పొద్దున పని చేసుకుందామంటే, దిద్దిన ప్రూఫులు ప్రెస్సు నుంచి వచ్చేదే పన్నెండింటికి, సాయంత్రానికల్లా తిరిగి పంపాలి. ఇప్పటికి గడువు రెండుసార్లు పెంచిన ప్రెస్సాయన ఆ ఉదయమే ఫోన్ చేశాడు. “సోమవారం దాటితే మిగతా పేజీలు ఇంకొకళ్ళకి ఇవ్వాల్సి వస్తుందమ్మా. ఇస్తే వాళ్ళ పేరే వెయ్యాలి మరి.” ఆ రోజు మంగళవారం. మిగిలినవి తొంభై పేజీలు.

గుమాస్తా గారికి గడువు సంగతి చెప్పింది. పేరు సంగతి మింగేసింది.

“కేసు ఎవరు తెచ్చారు?” అడిగారాయన.

“నేనేనండీ, ఆరేళ్ళ కిందట,” అన్నాడు తమ్ముడు. “అప్పట్లో అదే మంచిది. ఇప్పుడు ఇంకా మంచివి వచ్చాయి. ముందు అద్దం, పక్కన అద్దం...” కళ్ళజోళ్ళ దుకాణంలో పని అతనిది. ఏ వస్తువుకైనా అద్దం ఉంటే గాని అది పూర్తయినట్టు అతనికి అనిపించదు.

“అద్దాల మాట ఎత్తావంటే నీకు అన్నం బంద్,” అన్నాడు ఇంటాయన. “డబ్బా నేను చూస్తాను. అది గాలికి సంబంధించిన వ్యవహారం.”

అందుకు ఎవరూ ఎదురు చెప్పలేదు. ఇంటాయనను ఊరంతా గాలి మేస్త్రి అంటారు. రేకుతో గొట్టాలు చేసి, వంటగదుల్లోంచి, అద్దకం షెడ్లలోంచి, ప్రెస్సుల్లోంచి వేడినీ పొగనీ బయటికి పంపడం అతని పని. గాలి అన్న మాటను పట్టుకుని చెయ్యగలిగిన వేళాకోళాలన్నీ పెళ్ళయిన మొదటి ఏడే బావమరిది చేసేశాడు. కొత్తది దొరకక ఇప్పుడు ఊరుకున్నాడు. మేస్త్రి చొక్కా జేబులో పెన్ను ఉండదు. జానెడు చీపురు పుల్ల ఉంటుంది, దాని కొసకి ఎర్ర దారప్పోగు కట్టి ఉంటుంది. ఏ గదిలో అడుగుపెట్టినా ఆ పుల్ల తీసి పట్టుకుంటాడు. పోగు ఎటు ఊగితే అటు చూస్తాడు. తరువాత రెండే ప్రశ్నలు: గాలి ఎక్కడి నుంచి వస్తోంది? ఎక్కడికి పోతోంది? బ్యాంకులో అడిగాడు, దంతవైద్యుడి దగ్గర నోరు తెరిచి పెట్టుకుని కూడా అడగబోయాడు. సినిమా హాల్లో పుల్ల తీసినందుకు వెనక వరసవాళ్ళు ఒకసారి గేటు మనిషిని పిలిచారు.

పెళ్ళి కూడా గాలి వల్లే జరిగింది. ఒక ప్రెస్సులో పెద్ద ఫ్యాను బిగించి, ఎవరికీ చెప్పకుండా మీట వేశాడు. బల్ల మీద వరసగా పేర్చి ఉన్న నూట ఎనభై ప్రూఫు కాగితాలు లేచి, సగం గదిలోనూ సగం వీధిలోనూ పడ్డాయి. వాటిని పేర్చిన అమ్మాయి అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. వీధి చివరి దాకా వెళ్ళి ఏరుకొచ్చి, అంకెల వరసలో పేర్చి ఇవ్వమంది. అతను పేర్చాడు. ఒక కాగితం దొరకలేదు. దాని కోసం మర్నాడు వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. ఆ కాగితం ఫ్యాను వెనకే ఇరుక్కుని ఉందని ఇద్దరికీ మొదటి రోజే తెలుసునని బావమరిది అంటాడు.

ఈ ఇంట్లో చేరాక ఆఫీసు కోసం అతను ముందు గది తీసుకున్నాడు. రెండు ఎదురెదురు కిటికీలు, పెద్ద బల్ల, గోడ వెంట మూరెడేసి రేకు గొట్టాల నమూనాలు, వచ్చేవాళ్ళ కోసం రెండు కుర్చీలు. ఆమె వెనక గది తీసుకుంది. వెనక గది వేడిగా ఉందని ఆమె ఎప్పుడన్నా అంటే, “చూద్దాంలే,” అనేవాడు. బయట మేస్త్రీ, ఇంట్లో చూద్దాంలే.

బుధవారం పొద్దున బావా బావమరుదులిద్దరూ కంప్యూటర్ సామాన్ల దుకాణానికి బయలుదేరారు. ఇల్లాలు పని వదిలి రాలేనంది. గుమ్మం దాకా వచ్చి చెప్పింది: “గాలి చూడండి. రంగులు వద్దు.”

దుకాణంలో ఒక గోడంతా కేసులే. అన్నీ వెలుగుతున్నాయి. బావమరిది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళీ వెళ్ళకముందే ఒకదాని ముందు నిలబడిపోయాడు.

“బావా, ఇటు రండి. ముందంతా అద్దం. లోపల ఆరు ఫ్యాన్లు, ఏడు రంగులు. పాట పెడితే పాటకి తగ్గట్టు రంగు మారుతుంది.”

“మీ అక్క పేజీలు కడుతోందా, సర్కస్ పెడుతోందా?”

“పనిచేసేవాళ్ళకి మనసు ఆహ్లాదంగా ఉండాలి కదా.”

“మీ అక్క మనసు సంగతి నాకు తెలుసు. పక్కకి జరుగు.”

మేస్త్రి జేబులోంచి పుల్ల తీశాడు. కౌంటరు వెనక నుంచి కళ్ళజోడు నెత్తికెక్కించుకున్న ఒకావిడ తల ఎత్తి చూసింది. దుకాణం ఆవిడదే.

“సార్, లోపల ఏదీ ముట్టుకోకండి. నడుస్తోంది అది.”

“ముట్టుకోనమ్మా. నాడి చూస్తున్నానంతే.”

అద్దం ముందు పట్టిన పోగు నిటారుగా వేలాడింది. లోపల ఆరు ఫ్యాన్లు ఏడు రంగుల్లో తిరుగుతున్నాయి. పోగు మాత్రం కదల్లేదు. అద్దానికీ రేకుకీ మధ్య వేలు పట్టేంత సందు ఉంటే అక్కడ పెట్టాడు. బద్ధకంగా ఒకసారి తల ఊపి ఊరుకుంది.

“ఆరుగురిని పనిలో పెట్టి, తలుపు మూసి తాళం వేశారు,” అన్నాడు మేస్త్రి.

“ఆ సందులోంచే రావాలండీ గాలి,” అంటూ ఆవిడ దగ్గరికి వచ్చింది. “చూడ్డానికి బాగుందని తీసుకెళతారు. ఎండలు ముదరగానే వెనక్కి పట్టుకొస్తారు.”

“మరి ఎందుకు అమ్ముతున్నట్టు?” అన్నాడు బావమరిది.

“మీలాంటివాళ్ళు అడుగుతారు కాబట్టి.”

మేస్త్రికి ఆవిడ మీద గురి కుదిరింది. ముందు భాగమంతా సన్నటి ఇనప జాలీ ఉన్న, ఏ వెలుగూ లేని ఒక బూడిద రంగు కేసు ఆవిడ కిందికి దించి, తీగ తగిలించింది. పోగు జాలీ దగ్గరికి వెళ్ళగానే అడ్డంగా లేచి దానికి అతుక్కుపోయింది.

అతను గొంతు సవరించుకుని తన రెండు ప్రశ్నలూ అడిగాడు. “గాలి ఎక్కడి నుంచి వస్తోంది? ఎక్కడికి పోతోంది?”

“ముందు జాలీలోంచి మూడు ఫ్యాన్లు లోపలికి లాగుతాయి,” అంది ఆవిడ, తడుముకోకుండా. “వెనక ఒకటి, పైన రెండు బయటికి తోస్తాయి. వేడి ఎలాగూ పైకే పోవాలని చూస్తుంది కదా, దానికి అడ్డం రాకుండా పైకప్పు కూడా జాలీయే ఇచ్చారు. దారిలో తీగలు వేలాడకూడదు, వెనక గోడకి కట్టెయ్యాలి. అడుగున దుమ్ము వల ఉంది, నెలకోసారి తీసి కడుక్కోవాలి.”

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నలకు అతనికి వెంటనే జవాబు రావడం అదే మొదటిసారి. తప్పిపోయిన దగ్గరి బంధువు కనిపించినట్టు ఆవిడ వంక చూశాడు.

“మీ నాన్నగారు ఏం చేసేవారమ్మా?”

“టైలరండీ.”

“అయినా సరే,” అన్నాడు మేస్త్రి.

ఫ్యాన్ల సైజు మీద ఇంకాసేపు నడిచింది. పెద్ద ఫ్యాను మెల్లగా తిరిగినా ఎక్కువ గాలి పంపుతుందని, చిన్నది పని తక్కువ, గోల ఎక్కువ అని ఆవిడ చెప్పింది. మేస్త్రి బావమరిది వైపు చూసి, తనకు ఈ సంగతి ముందే తెలుసన్నాడు. కేసు అట్టపెట్టెలోకి వెళుతుండగా ఆవిడ అడిగింది:

“ఏ గదిలో పెడతారండీ? బయటి గాలి ఆడే గదేనా? కేసు ఎంత మంచిదైనా గదిలో ఉన్న గాలినే కదా లోపలికి తీసుకునేది.”

“ఆ సంగతి నాకు వదిలెయ్యమ్మా,” అన్నాడతను. “నన్ను గాలి మేస్త్రి అంటారు.”

ఆ సాయంత్రం ఇల్లాలే కూర్చుని పాత డబ్బాలోంచి సరంజామా అంతా విప్పి కొత్తదాంట్లో బిగించింది. తమ్ముడు టార్చి పట్టుకున్నాడు. మరలు దాచి పెట్టమని చేతికిస్తే ఒకటి పోగొట్టి, అది లేకపోయినా పరవాలేదన్నాడు. గుమాస్తా గారు కుర్చీ వేసుకుని, తెల్ల కాగితానికి ఎడమ వైపు మార్జిన్ గీసుకున్నారు. వేడి ఎంత ఉందో తెర మీద మూలన ఒక అంకె కనిపిస్తుందని, నూరుకు దగ్గరపడితే యంత్రం ఆగిపోతుందని తెలిసిన దగ్గర నుంచి, దాన్ని అరగంటకోసారి రాతలో పెట్టాలని ఆయన పట్టుబట్టారు.

గురువారం విచారణ మొదలైంది. మేస్త్రి ఆ పూట పని మానుకున్నాడు. తమ్ముడు దుకాణంలో కడుపునొప్పి అని చెప్పి వచ్చాడు.

“పదకొండు గంటలు,” అనేవారు గుమాస్తా గారు.

“యాభై నాలుగు.”

“నమోదైంది.”

పన్నెండున్నరకి ప్రూఫులు వచ్చాయి. ఆమె బొమ్మల పేజీలు తెరిచింది. అరవై రెండు. ఒంటిగంటకీ అరవై రెండే. పాత డబ్బాలో ఆ వేళకి ఎనభై దాటేది. ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి. వరసగా తొమ్మిది పేజీలు, ఒక్క ఆటంకం లేకుండా. మేస్త్రి గుమ్మానికి ఆనుకుని, మీసం దువ్వుకుంటూ, “అదీ గాలంటే,” అన్నాడు. ఎవరూ ఏమీ అనకపోతే మళ్ళీ అన్నాడు.

రెండు గంటలకు అరవై ఎనిమిది. రెండుంపావుకి ఎనభై మూడు. ఫ్యాన్ల రొద పెరిగి, బల్ల మీది ప్రూఫుల అంచులు రెపరెపలాడాయి. ఒక నీటిపక్షి రెక్క చుట్టూ అక్షరాలు సర్దుతోంది ఆమె. తొంభై ఒకటి. తొంభై ఏడు. తెర నల్లబడింది.

గుమాస్తా గారు కళ్ళజోడు సర్దుకుని, రాస్తూ పైకి చదివారు: “రెండు గంటల ఇరవై ఆరు నిమిషాలకు కేసు కొట్టివేయబడింది.”

ఆమె అరవలేదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. తుడిచిందే తుడిచింది.

“అద్దాలది కొని ఉంటే...” అన్నాడు తమ్ముడు.

“నువ్వు మాట్లాడకు,” అన్నారు ముగ్గురూ.

మేస్త్రి పుల్ల తీశాడు. కేసు మీద మీట నొక్కి ఫ్యాన్లు తిరిగేలా చేసి, ముందు పెట్టాడు. పోగు లోపలికి లాక్కుంటోంది. వెనక పెట్టాడు. బయటికి తోస్తోంది. దారిలో తప్పు లేదు. పుల్ల జేబులో పెట్టేసి, పొయ్యిల దగ్గర చేసే అలవాటు కొద్దీ, అరచేతి వెనక భాగం జాలీ ముందు పెట్టాడు. పెట్టిన చెయ్యి తీసి చూసుకున్నాడు.

“లోపలికి పోయే గాలే వేడిగా ఉంది,” అన్నాడు మెల్లగా.

చెయ్యి గోడకి ఆనించి, జ్వరం చూస్తున్నట్టు ఒక్కో అడుగే కిటికీ వైపు నడిచాడు. కిటికీ పక్కకి వచ్చేసరికి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఈ కిటికీ ఎందుకు మూసి ఉంచావు?”

“తెరిస్తే సెగ కొడుతుంది. మధ్యాహ్నం పూట మరీను. మీకు చెప్పాను.”

“ఎప్పుడు?”

“మూడు నెలలుగా.”

అతను కిటికీ తెరిచాడు. సెగతో పాటు తాజా బన్నుల వాసన గదిలోకి వచ్చింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో, గోడకి ఆనుకుని, మిలమిల మెరుస్తూ ఒక రేకు గొట్టం కింద బేకరీ నుంచి పై కప్పు దాకా నిలువునా లేచి ఉంది.

ఆ గొట్టం పదకొండేళ్ళ కిందట అతను వేసిందే. మొత్తం ముప్పై ఎనిమిది అడుగులు, ఒకే ఒక్క మలుపు. అంత తక్కువ దారిలో అంత పొగని పైకి పంపినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని ముందు గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. దగ్గరి దారి వెనక గది గోడ మీదుగానే ఉంది మరి. ఒక్క పొయ్యి ఉన్నన్నాళ్ళూ గోడ గోరువెచ్చగా ఉండి ఊరుకుంది. మూడు నెలల కిందట బేకరీ ఆయన మధ్యాహ్నం పూటకి రెండో పొయ్యి పెట్టి, దాన్నీ ఈ గొట్టానికే కలపొచ్చా అని అడిగాడు.

“మీరేమన్నారు?” అంది ఆమె.

మేస్త్రి గొట్టం వైపే చూస్తున్నాడు.

“‘ఒకటేం, ఇంకో రెండు కలుపుకో, లాగుతుంది నా గొట్టం’ అన్నాడు,” అన్నారు గుమాస్తా గారు. “నేనప్పుడు అక్కడ రొట్టె కొంటున్నాను. ప్రత్యక్ష సాక్షిని.”

“ముద్దాయి దొరికాడు,” అన్నాడు బావమరిది. అద్దాల కేసు గురించి రెండు రోజులుగా పడ్డ మాటలన్నిటికీ బదులు తీరినట్టు అతని ముఖంలో వెలుగు వచ్చింది.

“గొట్టానికి గాజు ఉన్ని చుట్టిస్తాను,” అన్నాడు మేస్త్రి. “పైన ఇంకో రేకు తొడిగితే సెగ బయటికి రాదు.”

“ఎన్నాళ్ళు పడుతుంది?”

“సామాను తెప్పించాలి. పొయ్యి చల్లార్చాలి. పది రోజులు. పోనీ ఎనిమిది.”

“సోమవారం నాలుగు రోజుల్లో ఉంది.”

“ఈ గదికి ఒక ఫ్యాను బిగిస్తే...” అని ఆగి, తన ప్రశ్నలు తనే వేసుకున్నట్టు కిటికీ వైపు చూశాడు. గాలి ఎక్కడి నుంచి వస్తుందో ఎదురుగా మెరుస్తూనే ఉంది. “బేకరీ ఆయనతో మాట్లాడతాను. ఈ నాలుగు రోజులు మధ్యాహ్నం పొయ్యి...”

“ఆయన వ్యాపారం ఆపుకోవాలా, నా పేరు కోసం?”

అనేశాక ఆమె పెదవి కొరుక్కుంది. ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

“పేరేమిటి?” అన్నాడు మేస్త్రి.

ఆమె బల్ల మీది ప్రూఫులు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. “ఈ పుస్తకంలో నా పేరు వేస్తామన్నారు. సోమవారానికి ఇస్తే.”

గుమాస్తా గారు మళ్ళీ కలం అందుకున్నారు.

“ఏ పేజీలోనమ్మా?” అన్నారు గుమాస్తా గారు.

“లోపలి మొదటి పేజీ వెనక.”

“పెద్దక్షరాలా?”

“తొమ్మిదిన్నర పాయింట్లు,” అంది. తరువాత నిజం చెప్పెయ్యాలనిపించి, “ముందు తొమ్మిదే. నేనే అర పెంచాను,” అంది.

“పది చెయ్యి అక్కా,” అన్నాడు తమ్ముడు. అతని గొంతులో వేళాకోళం లేదు.

మేస్త్రి గది మధ్యలో నిలబడి తల గోక్కున్నాడు. బావమరిది గుమ్మం దాకా వెళ్ళి, ముందు గదిలోకి తొంగి చూసి వచ్చాడు.

“బావా, ఆ గదిలో రెండు కిటికీలు ఉన్నాయి కదా.”

“అది ఆఫీసు.”

“ఆఖరి మనిషి వచ్చి ఎన్నాళ్ళయింది?”

“మొన్ననే కదా ఒకాయన వచ్చాడు.”

“ఆయన గుమాస్తా గారి వాటా ఎక్కడని అడగడానికి వచ్చాడు.”

“నిజమే,” అన్నారు గుమాస్తా గారు. “మా తోడల్లుడు.”

“మీకు తెలియదు,” అన్నాడు మేస్త్రి. “వచ్చినవాళ్ళకి ముందు గాలి చూపించాలి నేను. ఆ గదిలో కూర్చోబెట్టి, ఈ కిటికీలోంచి వచ్చి ఆ కిటికీలోంచి ఎలా పోతోందో చూడండి, చెమట పట్టిందా, అని అడుగుతాను. నడివేసవిలో కూడా పోగు నిలవదు అక్కడ. ఇల్లు మొత్తం మీద అంత చల్లటి గది...” తను ఏం చెబుతున్నాడో అప్పుడు తోచినట్టుంది, ఆగిపోయాడు.

“వాది తరఫున ఇంకేమీ చెప్పనక్కర్లేదు,” అన్నారు గుమాస్తా గారు, కాగితం మీద గీత గీస్తూ.

“నమూనా గొట్టాలు ఎక్కడ పెట్టను? గోడకి బిగించి ఉన్నాయి. ఆ బల్ల చూశారా, టేకుది. నలుగురు మనుషులు కావాలి దాన్ని కదపడానికి.”

“ఉన్నాం కదా, ముగ్గురం.”

“నీకు కడుపునొప్పి కదరా!”

“తగ్గింది.”

“అసలు ఆ బల్ల ఈ గుమ్మంలో పట్టదు. కాళ్ళు విప్పాలి. విప్పితే మళ్ళీ మునుపటిలా బిగుసుకోవు. పైగా నా రసీదు పుస్తకాలు, రేకు కత్తెరలు, ఇంకా...”

ఫోన్ మోగింది. ఇల్లాలు తెర మీద పేరు చూసి, గొంతు సవరించుకుని తీసింది. ప్రెస్సాయన. గదిలో అందరూ ఊరుకున్నారు. మేస్త్రి మాత్రం చేతి సైగలతో బల్ల పొడవు చూపిస్తూనే ఉన్నాడు.

“చెప్పండి... ఆ, ఇప్పుడే ఆగిందండీ. అరవై ఆరు ఉన్నాయి ఇంకా... లేదు లేదు, ఎవరికీ ఇవ్వొద్దు. సోమవారం పొద్దున్నే మీ బల్ల మీద ఉంటాయి.” భర్త వైపు చూసింది. చూపు తిప్పుకోకుండానే మిగతాది చెప్పింది. “ఏర్పాటు అయిపోయిందండీ. ఇంకో గంటలో కంప్యూటర్ ముందు గదిలోకి మారుతోంది. మా వారి ఆఫీసు వెనక గదిలోకి వస్తోంది.”